మన్యం పిల్లలకు నిద్ర కరువు లేదన్న మాట

ఉత్తరాంధ్ర మన్యంలో గిరిజన బాలబాలికల నిద్ర గురించి ఒక అభిప్రాయం ఎవరూ ప్రశ్నించకుండానే చెలామణిలో ఉంది. నిద్రలేమి పట్నం జబ్బట. కొండ మీద రొద లేదు, దీపాలు తక్కువ, పొద్దుగూకితే పడుకుంటారు, కోడి కూస్తే లేస్తారు, అక్కడి పిల్లలకు నిద్ర కరువేమిటన్నది ఈ అభిప్రాయంలో మొదటి సగం. రెండో సగం మొదటి దాని కడుపున పుట్టిందే. అంత నిద్రపోయే పిల్లవాడు తరగతిలో మళ్లీ తూగుతున్నాడంటే అది బద్ధకమే, బద్ధకానికి మందు తెల్లవారుజాము గంటే. పార్వతీపురం, సీతంపేట సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధిలోని ఆశ్రమ పాఠశాలల స్టాఫ్ రూముల నుంచి శ్రీకాకుళం, విజయనగరం టీ కొట్ల దాకా ఈ మాట వినిపిస్తుంది. పాఠం చెప్పేవాళ్లూ అంటారు, పథకాలు రాసేవాళ్లూ అంటారు. రెండు సగాలూ తప్పే. రెండోది తప్పు మాత్రమే కాదు, పిల్లల ఒంటికి హాని కూడా.

ఇక్కడ చర్చిస్తున్నది ఎవరి నిద్రో ముందు తేల్చుకోవాలి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడేదాకా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఉన్న గుమ్మలక్ష్మీపురం, కురుపాం, కొమరాడ, సాలూరు, పాచిపెంట, సీతంపేట, భామిని మండలాలు, నేటికీ శ్రీకాకుళంలోనే ఉన్న మెళియాపుట్టి, మందస కొండలు, ఇదీ ప్రాంతం. సవరలు, జాతాపులు, గదబలు, కొండదొరలు ఇక్కడి ప్రధాన జనం. పదకొండు నుంచి పందొమ్మిదేళ్ల వయసు వాళ్లలో చాలామంది ఏడాదిలో చాలా నెలలు ఇంటి దగ్గర పడుకోరు. ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో, ఏకలవ్య పాఠశాలలో, కళాశాల హాస్టల్‌లో పడుకుంటారు. కొండ పిల్లల నిద్ర గురించి మాట్లాడేవాళ్లు పాకనూ వెన్నెలనూ ఊహించుకుంటారు. అసలు చూడవలసింది డార్మెటరీని.

ఈ వయసుకు ఎంత నిద్ర కావాలన్న దానిపై నిపుణుల మధ్య పెద్ద తగాదా లేదు. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన సిఫారసు ప్రకారం 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు కావాలి. పిల్లవాడు ఎదిగేకొద్దీ నిద్ర అవసరం తగ్గిపోతుందన్నది పాత నమ్మకం. మేరీ కార్స్‌కడన్ 1970ల్లో స్టాన్‌ఫర్డ్‌లో జరిపిన వేసవి శిబిరాల్లో దానికి గట్టి దెబ్బ తగిలింది. రాత్రికి పది గంటలు పడుకునే వీలిస్తే పదేళ్ల పిల్లలూ, పదిహేడేళ్ల వాళ్లూ ఇంచుమించు తొమ్మిదేసి గంటలు నిద్రపోయారు. పైగా అంత నిద్రపోయాక కూడా పగటిపూట ఎక్కువ మగత కనిపించింది పెద్ద పిల్లల్లోనే. కౌమారంలో మగత ఒంటి స్వభావం. దానికి కులం, తెగ, కొండ, మైదానం లేవు.

ఇక మొదటి సగం సంగతి. దీపాలు లేనిచోట మనుషులు పొద్దుగూకగానే పడుకుని పది గంటలు నిద్రపోతారన్నది ఎవరూ కొలవకుండా నమ్మిన మాట. కొలిచినప్పుడు మరోలా తేలింది. టాంజానియాలోని హడ్జా, నమీబియాలోని సాన్, బొలీవియాలోని చిమానే జనాల మణికట్లకు యంత్రాలు కట్టి జెరోమ్ సీగల్ బృందం చేసిన పరిశీలన 2015లో వెలువడింది. విద్యుత్తు లేని ఈ మూడు సమాజాల్లో పెద్దవాళ్లు సగటున నిద్రపోయింది రాత్రికి 5.7 నుంచి 7.1 గంటలు. సూర్యాస్తమయం అయ్యాక సగటున మూడు గంటల పైచిలుకు గడిచాక గానీ నిద్రకు ఉపక్రమించలేదు. వాళ్లలో నిద్ర పట్టడం లేదన్న ఫిర్యాదు అరుదన్నదీ నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. అయితే దీపం లేకపోవడం వేరు, దీర్ఘ నిద్ర వేరు అని మాత్రం ఆ కొలతలు తేల్చేశాయి. అవి పెద్దవాళ్ల కొలతలు. కౌమారానికి కావలసింది అంతకంటే ఎక్కువ.

పోనీ, చీకటే నిద్రకు రక్ష అనుకున్నా ఆ చీకటి ఇప్పుడు కొండ మీద లేదు. 2017లో మొదలైన సౌభాగ్య పథకం నాటికే గూడల్లో చాలా భాగం కరెంటు చూశాయి. ఆ వెనకే టీవీ, సెల్‌ఫోన్ వచ్చాయి. అర్జెంటీనాలోని తోబా తెగలో కరెంటున్న ఊరినీ లేని ఊరినీ 2015లో పోల్చి చూస్తే, కరెంటున్న చోట నిద్ర ముప్పావు గంట నుంచి గంట దాకా తక్కువని తేలింది. అంటే అడవి బిడ్డకు తరగని నిద్ర ఉంటుందన్న ఊహ పాతకాలానికీ సరిపోదు, నేటి కాలానికీ సరిపోదు.

ఇంటి దగ్గరున్న నెలల్లో పిల్లల రాత్రిని నడిపేది పంటా అడవే. పోడులో కంది, జొన్న, చోడి, సామ కోతకు వచ్చే రోజుల్లో మంచె మీద కాపలా తప్పదు. అడవిపంది రాత్రే దిగుతుంది. పెద్దవాళ్లతో పాటు ఎదిగిన పిల్లలూ మంచె ఎక్కుతారు. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు కొన్నేళ్లుగా కొమరాడ, కురుపాం, జియ్యమ్మవలస వైపు తిరుగుతున్నాయి. ఏనుగు వచ్చిందని కబురందిన రాత్రి ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికీ కంటి మీద కునుకుండదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలేది తెల్లవారకముందే. పశువులూ అడవి జంతువులూ తినేయకముందే ఏరుకోవాలి కనుక చీకటితోనే బుట్టలు పట్టుకు బయలుదేరతారు. పదో తరగతి పరీక్షలూ ఆ రోజుల్లోనే. తర్వాత జీడిపిక్కల కాలం. కందికొత్తల పండగకూ శంబర పోలమాంబ జాతరకూ రాత్రంతా మెలకువే, కానీ వాటిని నిద్ర కరువు ఖాతాలో వేయడం అన్యాయం. ఏడాదికి నాలుగు రాత్రుల ఆటపాటలు ఏ పిల్లవాడి ఆరోగ్యాన్నీ చెడగొట్టవు. వరసగా వంద రాత్రులు కోసేసే నిద్ర వేరు. దాని చిరునామా హాస్టల్.

చాలా గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో గంట తెల్లవారుజామున ఐదింటికి మోగుతుంది. పదో తరగతి వాళ్లకు పరీక్షల ముందు అది నాలుగున్నరకు, కొన్నిచోట్ల నాలుగుకు జరుగుతుంది. రాత్రి స్టడీ అవర్ తొమ్మిదిన్నరకో పదికో ముగుస్తుంది. ఆ తర్వాత వరసలో నిలబడి నీళ్లు పట్టుకోవడం, బట్టలు ఆరేసుకోవడం, పక్క పరచుకోవడం. పదింపావుకు దీపం ఆర్పి నాలుగున్నరకు లేపితే, తల ఆనించిన క్షణంలో నిద్ర పట్టినా దక్కేది ఆరుంపావు గంటలు. కావలసిన ఎనిమిదికి గంటా ముప్పావు తక్కువ. వారానికి పన్నెండు గంటల పైచిలుకు లోటు. ఉత్తీర్ణత శాతం కోసం రాష్ట్రమంతా పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక నడిపే కాలంలో ఈ లోటు నూరు రోజులూ కొనసాగుతుంది. ఇంత లోటుతో బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు మొదటి పీరియడులో జోగితే, అతడికి బద్ధకం అంటగట్టడానికి లెక్క రాని మనసు కావాలి.

ఇందులో ఇంకొక చిక్కుంది. యవ్వనారంభంలో మెదడులోని గడియారం వెనక్కి జరుగుతుంది. చీకటి పడ్డాక నిద్రను పిలిచే మెలటోనిన్ చిన్నపిల్లల్లో కంటే వీళ్లలో గంట, రెండు గంటలు ఆలస్యంగా ఊరుతుంది. కార్స్‌కడన్ బృందం 1993లో దీన్ని శరీర పరిణతితోనే ముడిపెట్టి చూపింది. అల్లరి కాదు, అలవాటు కాదు, ఎదుగుదల. కనుక పదిహేనేళ్ల వాడిని ఎనిమిదింటికి పడుకోబెట్టినా వెంటనే నిద్ర రాకపోవచ్చు. నాలుగున్నరకు లేపితే మాత్రం అతడి ఒంటి లెక్కలో అది నడిరాత్రే. బ్రాహ్మీ ముహూర్తాన చదివితే బుర్రకెక్కుతుందన్న వాదం యాభై ఏళ్ల పెద్దమనిషి గడియారం నుంచి వచ్చింది. వయసు మళ్లేకొద్దీ మెలకువ ముందుకు జరుగుతుంది. వార్డెన్‌కు నాలుగింటికి హాయిగా మెలకువ వస్తుంది కాబట్టి పిల్లలకూ రావాలనడం ఒక శరీర ధర్మాన్ని మరొకరి మీద రుద్దడమే.

పైగా తెల్లవారుజామున కోసేది ఉత్త నిద్రను కాదు. రాత్రి మొదటి సగంలో గాఢనిద్ర ఎక్కువ, చివరి సగంలో కలలొచ్చే నిద్ర ఎక్కువ. పగలు నేర్చినది పదిలపడేదీ, ఉద్వేగాలు సర్దుకునేదీ నిద్రలోనే. నేర్చుకున్నాక మేలుకుని ఉండేవారి కంటే నిద్రపోయినవారు తక్కువ మరిచిపోతారని జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ చూపింది 1924లో. వందేళ్ల నాటి సంగతి. రాత్రి పదిదాకా ఎక్కించిన పాఠాన్ని నిలబెట్టే గంటలనే తెల్లవారుజామున తీసేసి, ఆ గంటల్లో ఇంకో పాఠం ఎక్కించడం ఏ లెక్కన చదువు?

ఆదివారం పడుకుంటే సర్దుకుంటుందన్న సమాధానమూ నిలవదు. సింగపూర్‌లో చదువులో ముందున్న 15 నుంచి 19 ఏళ్ల విద్యార్థులకు వారం పాటు రాత్రికి ఐదు గంటలే పడుకునే వీలిచ్చి మైఖేల్ చీ, జూన్ లో అనే పరిశోధకుల బృందం పరీక్షించింది. రోజురోజుకూ వాళ్ల ఏకాగ్రత, జ్ఞాపకం దిగజారాయి. తర్వాత రెండు రాత్రులు తొమ్మిదేసి గంటలు పడుకోనిచ్చినా పూర్తిగా కోలుకోలేదు. 2016లో వచ్చిన ఈ ఫలితం తెల్లవారుజాము గంటను సమర్థించే ప్రతివారూ చదవదగ్గది. వాళ్లు కడుపునిండా తిని, ఏసీ గదిలో పడుకున్న నగరపు పిల్లలు.

మన్యం హాస్టల్‌లో పడుకున్న గంటలన్నీ నిద్ర గంటలు కావు. గజ్జి సంగతే చూడండి. ఒకే గదిలో పక్కపక్కన పడుకునే పిల్లల మధ్య అది సులువుగా పాకుతుంది, దాని దురద పెరిగేదే రాత్రిపూట. గీక్కుంటూ దొర్లిన పిల్లవాడు మర్నాడు తూగుతాడు. మందు రాయడం, దుప్పట్లు ఉడకబెట్టడం, గదిలో అందరికీ ఒకేసారి చికిత్స చేయడం తప్ప దానికి మరో దారి లేదు. ఒక్కడికే రాస్తే వారంలో పక్కవాడి నుంచి తిరిగొస్తుంది. రక్తహీనత ఇంకొకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కౌమార బాలికల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. ఒంట్లో ఇనుము తగ్గితే పడుకోగానే కాళ్లలో చెప్పలేని పీకుడు, కదిలిస్తే తప్ప తగ్గని అశాంతి వస్తుంది. రాత్రి కాళ్లు ఆడించే పిల్లను కుదురులేనిదంటారే గానీ రక్తపరీక్ష ఎవరు చేయిస్తారు? 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం గిరిజన ప్రాంతాలను ఉద్దేశించిందే. ఆ జబ్బున్న పిల్లల్లో నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, రక్తంలో ఆక్సిజన్ పడిపోవడం సాధారణం. గురకపెట్టే సికిల్ సెల్ పిల్లవాడిని డాక్టరుకు చూపించాలన్న సంగతి ఎంతమంది వార్డెన్లకు ఎవరైనా చెప్పారు?

దోమ సంగతి విడిగా చెప్పనక్కర్లేదు. మలేరియా జ్వరం ఒక్క వారమే, దోమ రొద ఏడాదంతా. కిటికీకి జాలీ లేని గదిలో తల నుంచి పాదం దాకా దుప్పటి ముసుగేసుకుని పడుకుంటే ఉక్కపోత, తీస్తే కాట్లు. నేల మీద పడుకున్నచోట పాము భయం కూడా ఉంది. కట్లపాము నిద్రపోతున్న మనిషిని నేల మీదే కరుస్తుంది, కరిచిన చోట నొప్పీ ఉండదు. ఈ సంగతి కొండ పిల్లలకు పాఠ్యపుస్తకం చెప్పక్కర్లేదు. మంచం అందుకే వసతి కాదు, నిద్రకు అవసరమైన భరోసా. ఆడపిల్లల గదుల్లో రాత్రంతా ట్యూబులైటు వెలగనివ్వడానికి కారణం కూడా భయమే. మరుగుదొడ్డి దూరం, దారి చీకటి. దారిలో దీపం పెట్టాల్సింది పోయి పడక మీద పెట్టారు.

తొలిసారి ఇల్లు విడిచి వచ్చిన పిల్లల బెంగ ఈ లెక్కల్లోకి ఎక్కదు. ఆరో తరగతిలో చేరిన సవర పిల్లకు పక్క మంచంలో తన భాష మాట్లాడే మనిషి లేకపోవచ్చు. కలిసి పడుకోవడం ఈ జనాలకు కొత్త కాదు. కోంధు తెగల్లో ఒకప్పుడు యువతీ యువకులకు వేరువేరు పడక ఇళ్లుండేవి. కొత్తది ఒంటరితనం, గంట, కేకలు.

నిద్ర చెడితే పోయేది మార్కులే అనుకోకూడదు. ఆరోగ్యవంతులైన 164 మంది పెద్దవాళ్ల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూస్తే, రాత్రికి ఆరు గంటల కంటే తక్కువ నిద్రపోయినవాళ్లకు జలుబు చేసే అవకాశం ఏడు గంటలకు మించి నిద్రపోయినవాళ్ల కంటే నాలుగు రెట్లకు పైగా ఉందని ఎరిక్ ప్రాథర్ బృందం 2015లో ప్రకటించింది. వందలమంది పిల్లలు ఒకే కప్పు కింద ఉండేచోట అంటుజ్వరాలు ఎందుకు అంత వేగంగా పాకుతాయో వెతికేవాళ్లు నీళ్ల ట్యాంకునూ వంటగదినీ చూస్తారు, చూడాలి కూడా. గంట కొట్టే వేళను మాత్రం ఎవరూ చూడరు.

బద్ధకం వాదానికి తోడు ఈమధ్య మరొక వాదం వచ్చింది. అంతా ఫోన్ వల్లేనట. ఇంటర్ చదివే వాళ్లకూ, ఇంటి నుంచి వెళ్లివచ్చే వాళ్లకూ ఇందులో నిజముంది. అర్ధరాత్రి దాకా రీల్స్ చూసే కుర్రాడు సీతంపేటలోనూ ఉన్నాడు, విశాఖ సీతమ్మధారలోనూ ఉన్నాడు. కానీ గురుకులంలో ఫోన్ నిషేధం. గేటు దగ్గరే లాక్కుంటారు. ఫోన్ లేనిచోట కూడా అదే మగత కనిపిస్తున్నప్పుడు ఫోన్ కారణం ఎలా అవుతుంది? పెద్దలు వేసిన టైంటేబుల్ తప్పును పిల్లల జేబులో వెతకడం ఇది.

అంకెలు చూపించి వాదించేవాళ్లూ ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2019లో దేశవ్యాప్తంగా కాల వినియోగ సర్వే జరిపింది. ఆరేళ్లు పైబడిన భారతీయులు నిద్రా, దాని సంబంధిత పనులకు రోజుకు సగటున తొమ్మిది గంటల పైచిలుకు వెచ్చిస్తున్నారని తేల్చింది. ఇంకేం కరువు అంటారు. ఆ సర్వే వాడిన అంతర్జాతీయ వర్గీకరణలో నిద్ర పద్దు కింద రాత్రి నిద్రతో పాటు పగటి కునుకూ ఉంది, నిద్ర పట్టక పడుకుని ఉండటమూ ఉంది. నిద్రలేమిని కూడా నిద్రలోనే జమకట్టే పద్దుతో నిద్ర కరువు లేదని రుజువు చేయడం విడ్డూరం. పడకకూ నిద్రకూ మధ్య ఎంత అగాధం ఉంటుందో చెన్నైలో తేలింది. అక్కడి పేద కార్మికులకు యంత్రాలు కట్టి చూస్తే ఎనిమిది గంటలు పక్క మీద ఉన్నవాళ్లు నిద్రపోయింది ఐదున్నర గంటలే. వేడి, దోమలు, రొద. 2021లో అచ్చయిన ఆ అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. రాత్రి నిద్రను అరగంట దాకా పెంచినా పనిలోనూ ఆరోగ్యంలోనూ మెరుగు కనిపించలేదు. ప్రత్యర్థులకు ఇది నచ్చే వాక్యం. అయితే అదే అధ్యయనంలో మధ్యాహ్నం ప్రశాంతమైన చోట అరగంట కునుకు తీసినవాళ్ల పనీ మనసూ రెండూ బాగుపడ్డాయి. చెదిరిన నిద్రకు ఇంకొంత చెదిరిన నిద్ర కలిపితే లాభం లేదు, నాణ్యమైన నిద్ర కొంచెమైనా ఫలిస్తుందన్నదే అందులోంచి తేలేది. పడకల సంగతి సరిచేయకుండా గంట ఒక్కటే మార్చినా చాలదన్న హెచ్చరికగా కూడా దాన్ని తీసుకోవాలి.

మన్యంలో ఈ కొలతలు తీయవలసిన యంత్రాంగం లేక కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు వెళ్లి పిల్లలను పరీక్షిస్తాయి. 2014 నాటి రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం పోషణ, మానసిక ఆరోగ్యం, మాదక ద్రవ్యాలు, గాయాలు వంటి ఆరు అంశాలు ఎంచుకుంది. నిద్ర వాటిలో ఒక అంశంగా లేదు. అడగని ప్రశ్నకు జవాబు రాదు. జవాబు రాలేదు కాబట్టి సమస్య లేదని తేల్చేశారు.

అడగడం ఎలాగో ఇతర దేశాల ఆదివాసులతో పనిచేసినవాళ్లు చూపించారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రపు మౌంట్ ఐసా పట్టణంలో ప్రజారోగ్య పరిశోధకురాలు యాఖూత్ ఫాతిమా బృందం ఆదిమ తెగల కౌమారుల నిద్ర మీద 'లెట్స్ యార్న్ అబౌట్ స్లీప్' అనే కార్యక్రమం నడిపింది. ప్రశ్నపత్రం నగరంలో తయారుచేసి దింపలేదు. పెద్దలతో, పిల్లలతో కూర్చుని వాళ్ల సంప్రదాయ జ్ఞానాన్నీ నిద్ర శాస్త్రాన్నీ కలిపి పాఠాలు అల్లారు. ఆ తెగల యువతకే శిక్షణ ఇచ్చి నిద్ర సలహాదారులను చేశారు. నిద్ర చెడటానికి పిల్లల క్రమశిక్షణ లోపమే కారణమన్న పాత ధోరణిని పక్కనబెట్టి ఇల్లు, ఇరుకు, బెంగ, ఆదాయం అన్నీ చూశారు.

అలాంటి పని ఉత్తరాంధ్రలో చేయాలంటే గట్టి పునాది ఉంది. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాషకు రాసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం సవర, కువి భాషల్లో వాచకాలు వేసింది. ఆ భాషల్లో పాఠం చెప్పిన విద్యా వలంటీర్లున్నారు. నిద్ర ప్రశ్నావళిని వాళ్లచేత అడిగించవచ్చు. ఆ జనాల నమ్మకాలు తెలుసుకోకపోతే ప్రశ్న బెడిసికొడుతుంది కూడా. ఒడిశా సవరల మీద వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన గ్రంథంలో, కౌమారంలోని అమ్మాయికి కలలో పాతాళం నుంచి వరుడు రావడం, కాదంటే ఆమె జబ్బుపడటం, ఒప్పుకుని చివరకు ఊరి పూజారిణి కావడం వివరంగా ఉంది. అలాంటి సంప్రదాయమున్న ఇంటి పిల్లను పీడకలలు వస్తాయా అని అచ్చు ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును మానసిక రోగ లక్షణంగా టిక్కు పెట్టే పరిశోధన చేయకపోవడమే మేలు.

చివరగా మిగిలే అభ్యంతరం పెద్దమనుషులది. రోడ్డు లేక రోగులను మోసుకెళ్లే డోలీ మోతలు ఆగలేదు, జ్వరాలు ఆగలేదు, మధ్యలో నిద్ర గోల ఏమిటి అంటారు. ఈ సమస్యలకు పోటీగా నిద్రను నిలబెట్టడంలోనే పొరపాటుంది. గజ్జి, రక్తహీనత, దోమ, సికిల్ సెల్, ఇరుకు, భయం అన్నీ పిల్లవాడి రాత్రిలో ఒకచోట చేరతాయి. నిద్ర గురించి అడిగితే వాటన్నిటి ఆచూకీ ఒకేసారి దొరుకుతుంది. రోడ్డు వేయడానికి కోట్లు, అటవీ అనుమతులు కావాలి. గంట వేళ మార్చడానికి ఒక సర్క్యులర్ చాలు.

ఆ కొత్త వేళను అమెరికా నుంచి అరువు తెచ్చుకోనక్కర్లేదు. అక్కడ బాలల వైద్యుల సంఘం 2014లో ఉన్నత పాఠశాలలు ఎనిమిదిన్నరకు ముందు మొదలు కాకూడదంది. సియాటిల్‌లో బడివేళ దాదాపు గంట వెనక్కి జరిపితే పిల్లలకు రోజూ 34 నిమిషాల నిద్ర అదనంగా దక్కింది. అక్కడి చిక్కు బస్సు ప్రయాణం. మన్యం హాస్టల్‌లో పడకకూ తరగతికీ మధ్య దూరం ఒక వసారా. పైగా భారత కాలమానానికి ఆధారమైన రేఖాంశం కాకినాడ దగ్గర పోతుంది. శ్రీకాకుళం దానికి తూర్పున ఉంది. జూన్‌లో ఇక్కడ ఐదుంబావుకు కాస్త అటూ ఇటూగా పొద్దు పొడుస్తుంది, డిసెంబరులో ఐదున్నర లోపే గూకుతుంది. పొద్దు ఆలస్యంగా గూకే పడమటి ప్రాంతాల్లో పిల్లలు ఆలస్యంగా పడుకుని తక్కువ నిద్రపోతారని, చదువులోనూ వెనకబడతారని మౌలిక్ జగ్నానీ భారతదేశపు లెక్కలతోనే చూపారు. ఆ లెక్కన ఉత్తరాంధ్ర పిల్లలకు ప్రకృతి మంచి వాటా ఇచ్చింది. తొందరగా చీకటి, తొందరగా వెలుగు. కెనెత్ రైట్ బృందం 2013లో మనుషులను వారం పాటు విద్యుద్దీపాలు లేని శిబిరంలో ఉంచితే వాళ్ల ఒంటి గడియారం దాదాపు రెండు గంటలు ముందుకు వచ్చింది. హాస్టల్ ఆ వాటాను ట్యూబులైటుతో పాడుచేస్తోంది.

కనుక ఇక్కడ చేయదగ్గది లేచే వేళను తొమ్మిదికి జరపడం కాదు. రాత్రి స్టడీ అవర్‌ను ఎనిమిదిన్నరకు ముగించాలి, తొమ్మిదికి గదిలో దీపం ఆర్పి వసారాలోనూ మరుగుదొడ్డి దారిలోనూ వెలిగించాలి, ఆరుకు ముందు గంట కొట్టకూడదు, లేచాక కాసేపు ఎండలో తిప్పాలి. పరీక్షల నెలలకూ ఇదే వేళ. మధ్యాహ్న భోజనం తర్వాత అరగంట కునుకు. ప్రతి పిల్లకూ మంచం, దోమతెర. ఏఎన్ఎం నెలకోసారి అడగవలసినవి నాలుగే: ఎన్నింటికి నిద్ర పట్టింది, రాత్రి ఎందుకు లేచావు, గురక ఉందా, దురద ఉందా. వీటిలో చాలావాటికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. పార్వతీపురం, సీతంపేట ప్రాజెక్టు అధికారులు ఒక్క విద్యా సంవత్సరం కొన్ని హాస్టళ్లలో పాత వేళనూ కొన్నిటిలో ఈ వేళనూ నడిపి, మార్కులూ జ్వరాలూ హాజరూ పక్కపక్కన పెట్టి ప్రకటించాలి. అప్పటిదాకా, తరగతిలో తూగిన గిరిజన విద్యార్థి రిమార్కుల పుస్తకంలో బద్ధకం అనే మాట రాసే హక్కు ఏ ఉపాధ్యాయుడికీ లేదు.